మాట వచ్చేదాకా ఆగే తెర

ఆమెకు ఇంట్లో ముద్దుపేరు సగంమాట. పెట్టింది తమ్ముడు. చిన్నప్పుడు అక్కా తమ్ముడూ పక్కపక్కన కూర్చుని అన్నం తింటుంటే ఆమె "అమ్మా, నా... నా..." అంటూ ఆగిపోయేది. "నాకు చాలంటావు, అంతేగా!" అని అమ్మ గిన్నె పట్టుకుని వెళ్ళిపోయేది. నాకింకొంచెం కావాలి అనబోయిన పిల్ల, వెళ్ళిపోతున్న గిన్నెవైపు చూస్తూ చెయ్యి కడుక్కునేది. "సగం మాట అక్కది, సగం మాట అమ్మది" అని తమ్ముడు ఒకరోజు పగలబడి నవ్వాడు. ఆ పేరు అలా ఉండిపోయింది.

అమ్మ చెడ్డది కాదు. కూతురి నోట్లో మాట అడ్డం పడితే, కంట్లో నలుసు పడ్డట్టు వెంటనే తీసేయాలని ఆవిడ ఆరాటం. ఆ తొందరలో ఏది నలుసో ఏది కన్నో చూసుకునేది కాదు, అంతే.

సగంమాటకు ఇప్పుడు ముప్ఫై దాటాయి. కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న ఒక చిన్న కంపెనీలో పని. ఫోన్లలో వాడే యాప్‌లకు తెరలు గీయడం ఆ పని. ఏ బటన్ ఎక్కడుండాలి, దాని మీద ఏ మాట రాయాలి, వేలు పెట్టగానే ఏ రంగు ఎటు జారాలి, ఇవన్నీ ఆమె ముందుగా బొమ్మలు గీసి ఇస్తే ప్రోగ్రామరు వాటికి ప్రాణం పోసేవాడు. ఆమె గీసిన తెరలు చూస్తే వేలితో ముట్టుకోబుద్ధేస్తుందని అందరూ అనేవారు.

ఆమెకు నత్తి ఉందని ఆఫీసులో ఎవరికీ తెలియదు. మితభాషి అనుకునేవారు. "మా డిజైనరుకి నోట్లో నాలుక లేదండీ, ఉన్నదంతా చేతుల్లోనే" అని మేనేజరు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. ఆ మంచిపేరు వెనక ఎంత చాకిరీ ఉందో ఆమెకే తెలుసు. 'క'తో మొదలయ్యే మాట ముందు గొంతు బిగుసుకునేది. 'ప' దగ్గర పెదాలు అతుక్కుపోయేవి. అందుకని రాబోయే మాటను దూరం నుంచే పసిగట్టి, దారి మళ్ళించి, ఇంకో మాట పట్టుకుని బయటపడేది. కిటికీ మూయమనడానికి "చలిగా ఉంది కదా" అనేది. కాఫీ ఇష్టమైనా టీ అడిగేది. ఆఫీసు దగ్గరి బస్ స్టాపు పేరు 'క'తో మొదలవుతుంది కాబట్టి తర్వాతి స్టాపుకు టికెట్ తీసుకుని వెనక్కి నడిచి వచ్చేది. ఆరోగ్యం మీద ఆమెకున్న శ్రద్ధను ఆఫీసంతా మెచ్చుకునేది. సొంత పేరుకు మాత్రం మారుమాట దొరకదు. ఎవరైనా పేరడిగితే మెడలోని కార్డు చూపించేది, లేదంటే ఫోన్ మోగినట్టు నటించి పక్కకు తప్పుకునేది.

కలల్లో అలా కాదు. కలల్లో ఆమె ధారాళంగా మాట్లాడేది. లేత నీలపు నీళ్ళ మీద ఎక్కడికి పోతుందో తెలియని చెక్కవంతెన ఒకటి ఉండేది. దాని మీద నడుస్తూ ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆపి పలకరించేది. మాటలు వెచ్చటి ఆవిరిలా బయటికొచ్చి, నీళ్ళ మీద వాలి, కాసేపు తేలి కరిగిపోయేవి. ఏం మాట్లాడిందో లేచాక గుర్తుండేది కాదు. నోరారా మాట్లాడిన తృప్తి మాత్రం, నిద్రలో ఎవరో కప్పి వెళ్ళిన దుప్పటిలా, పళ్ళు తోముకునేదాకా ఒంటిని అంటుకుని ఉండేది. మెలకువలో కూడా ఆమె సగం అక్కడే ఉండేది. ఆఫీసు కిటికీలోంచి ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బుతుంటే వాటి వెనక ఇంకేవో రంగులు కదులుతున్నట్టు తోచేది. అలా చూస్తూ చూస్తూ చేతిలో టీ చల్లార్చుకునేది.

ఒక మధ్యాహ్నం రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు ఆ ఆఫీసుకు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతిలో గొడుగు. మేనేజరు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. సగంమాట పక్క కుర్చీలో, గీసుకునే ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేనేజరు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి.

"చెప్పండి మాస్టారూ, ఏం యాప్ కావాలి?"

"మాకొక స... స... స..."

"సంఘం! సంఘానికి యాప్. చేసేద్దాం. సభ్యులు, మీటింగులు, ఫోటోలు, అన్నీ పెట్టేద్దాం."

మాస్టారు కోపం తెచ్చుకోలేదు, చెయ్యెత్తి ఆపనూ లేదు. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడిలా ఆ శబ్దం దగ్గరే నిలబడి, చివరికి "...సమస్య ఉంది" అన్నారు. "నేను చె... చెప్పబోయింది సంఘం కాదండీ. మీరు కంగారుపడకండి, నే... నేనే చెప్తాను. కాస్త టైం పడుతుంది."

మేనేజరు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

మాస్టారు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఆయనకు నత్తి. ఊళ్ళో నత్తి ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరి నోట్లో వాళ్ళు. ఆదివారాలు కొందరు కలుస్తారు. కానీ కొత్తవాళ్ళకు ఆ సంగతి తెలిసే దారి లేదు. ఈ బాధ పడి గట్టెక్కినవాళ్ళు, ఇంకా అందులో ఉన్నవాళ్ళకు దొరికే దారీ లేదు. "ఇప్పుడొక ఫోన్ గ్రూపు ఉందండీ. అందులో పొ... పొద్దున్నే పూలబొమ్మలొస్తాయి. మా... మాటలు మాత్రం రావు."

సగంమాటకు ముచ్చెమటలు పట్టాయి. ఆయన ప్రతి తడబాటుకూ ఆమె గొంతు బిగుసుకుంటోంది. తాను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దాచుకున్నదాన్ని ఈ మనిషి పట్టపగలు బల్లమీద పెట్టి కూర్చున్నారు! పైగా మధ్యమధ్యలో నవ్వుతున్నారు. వెళ్ళేముందు ఆయన ఆమె వైపు తిరిగి, "ఆదివారం ర... రండమ్మా. చూస్తే మీకే తెలుస్తుంది" అన్నారు.

"వస్తానండీ" అంది. అది తేలికైన మాట.

డాన్సు నేర్పే హాలును ఆదివారాలు వాళ్ళు అడిగి తీసుకునేవారు. మెట్లెక్కి వెళ్తే పొడవాటి గది, ఒక గోడంతా అద్దం, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. పొద్దుటి ఎండ అద్దంలో పడి, అక్కడి మనుషులందరినీ రెట్టింపు చేసింది. ఒకటే నియమం అని మాస్టారు చెప్పారు: ఎదుటివాళ్ళ మాట ఎవరూ పూర్తిచేయకూడదు.

ఒక బస్సు కండక్టరు లేచాడు. బొద్దుగా, నవ్వుమొహంతో ఉన్నాడు. "స్టాపులు నేను పాటలా పా... పాడేస్తానండీ, నత్తి దగ్గరికే రాదు. చిల్లర లేదని చెప్పాల్సొస్తేనే చి... చి... దగ్గర ఇరుక్కుంటా. ఈలోపు వాళ్ళు చీ కొడుతున్నాననుకుని తి... తిట్టేస్తారు" అన్నాడు. గదంతా నవ్వింది. తర్వాత కుట్టుపని చేసే ఒకావిడ వంతు. ఆవిడ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. కింద వీధిలో ఎవరో తోపుడుబండి నెట్టుకుపోయారు. ఎవరూ తల దించుకోలేదు, ఎవరూ గడియారం చూడలేదు. అందరి కళ్ళూ ఆవిడ మొహం మీద, దీపం వెలుతురులా నిలిచి ఉన్నాయి. చాలాసేపటికి ఆవిడ చెప్పింది ఒక్క వాక్యం. "ఈ వారం ఫోన్ మోగితే నే... నేనే ఎత్తాను."

సగంమాట అద్దంలోకి చూసింది. అక్కడ తన కళ్ళు నీళ్ళతో ఉన్నాయి.

తన వంతు వచ్చినప్పుడు "నేను ప" అని పెదాలు బిగుసుకోగానే, క్షణంలో పక్కకు తిప్పి, "ఆఫీసు తరఫున వచ్చాను. మీరు చెప్పేవన్నీ రాసుకుంటాను" అంది. నున్నగా జారిపోయింది. మాస్టారు ఆమెను ఒక్క నిమిషం చూశారు. ఆ చూపుతోనే ఆమెకు తెలిసిపోయింది, ఆయన గమనించారని.

ఆమె మొదట గీసిన తెరలు చాలా అందంగా వచ్చాయి. తెల్లవారుజాము రంగులు. యాప్ తెరవగానే ఒక గుండ్రటి బటన్. దాన్ని నొక్కి గొంతుతో పరిచయం చేసుకోవాలి, ఎందుకంటే వాళ్ళు అడిగింది మాటలు. "పదిహేను సెకన్లు చాలు, అంతకన్నా ఎవరూ వినరు" అని మేనేజరు అన్నాడు. ఆమె సరేనంది. సరే అనడం అలవాటు. బటన్ చుట్టూ ఒక వెలుగు రేఖ తిరుగుతూ వచ్చి, పదిహేను సెకన్లకు పూర్తి వలయం అయ్యేలా గీసింది. వలయం పూర్తవగానే తెరనిండా రంగు కాగితాలు రాలతాయి.

ఓ ఆదివారం ఆ యాప్‌ను హాలుకు తీసుకెళ్ళింది. ముందుగా కండక్టరు హుషారుగా ఫోన్ అందుకున్నాడు. బటన్ నొక్కాడు. "న... న... న..." వెలుగు రేఖ తిరుగుతోంది. అతని చూపు దానికి అతుక్కుపోయింది. అది దగ్గరపడేకొద్దీ అతని మెడ నరాలు ఉబ్బాయి. "న... నే..." టింగుమని గంట మోగింది. 'మీ పరిచయం పూర్తయింది, ధన్యవాదాలు!' అని తెర మీద మాటలు మెరిశాయి. రంగు కాగితాలు రాలాయి.

అతను నవ్వబోయాడు. నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది. "నాకు డ్యూ... డ్యూటీ ఉంది" అని ఫోన్ ఆమె చేతిలో పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆరోజు తనకు సెలవని అతనే అంతకుముందు చెప్పాడు.

కుట్టుపని ఆవిడ వాతావరణం తేలికపరచడానికి, "ఈ ఫో... ఫోను అచ్చం మా అత్తగారే" అంది. కొందరు నవ్వారు. సగంమాట నవ్వలేకపోయింది. లోకంలో ఇంకెవరు గీసినా క్షమించవచ్చు. తాను ఎలా గీసింది?

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "మొహం అలా ఉందేంటే?"

"క... క..."

"కాళ్ళు నొప్పా? అంత దూరం నడవొద్దని చెప్తే వినవు."

ఆమె మేడెక్కి, నవారు మంచం మీద వాలింది. మబ్బు పట్టిన సాయంత్రం. గాలిలో తడి వాసన. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

మళ్ళీ ఆ వంతెన. కానీ ఈసారి ఆమె మాట్లాడటం లేదు. వంతెన నిండా మనుషులు కూర్చుని నీళ్ళలో కాళ్ళు వేలాడేసుకుని ఉన్నారు. కండక్టరు ఉన్నాడు, మాస్టారు ఉన్నారు, ముఖాలు తెలియనివాళ్ళు ఎందరో ఉన్నారు. ఎవరి పెదాలూ కదలడం లేదు. అయినా ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర నుంచి నీళ్ళమీద వలయాలు పుట్టి, మెల్లగా పెద్దవై, ఒకదానిలోకి ఒకటి కలిసిపోతున్నాయి. ఎక్కడా తొందర లేదు. మాట రాని చోట నీళ్ళు ఖాళీగా లేవు. ఇంకా నిండుగా ఉన్నాయి. ఆమె కూడా వాళ్ళ పక్కన కూర్చుంది. చాలా హాయిగా అనిపించింది.

మొహం మీద చినుకు పడి లేచింది. ఒళ్ళంతా తేలికగా ఉంది. మంచం లాగి మెట్ల గదిలో వేసుకుని, అక్కడే కూర్చుని గీయడం మొదలుపెట్టింది. గడువులేని తెర. వేలు ఆనించి ఉన్నంతసేపూ లేత నీలం విస్తరిస్తుంది. మాట వచ్చినప్పుడు చిన్న అల లేస్తుంది. మాట ఆగినప్పుడు అల చచ్చిపోదు, వెడల్పుగా, నెమ్మదిగా సాగుతుంది. వేలు ఎప్పుడు తీస్తే అప్పుడే ముగింపు.

మర్నాడు ఆఫీసులో ప్రోగ్రామరు దాన్ని చూసి తల గోక్కున్నాడు. చాలా ఏళ్ళుగా ఆమె పక్క బల్లే అతనిది. చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. "బాగుంది తల్లీ. కానీ మధ్యలో ఈ ఖాళీ అంతా ఎందుకు? శబ్దం లేని చోట దానంతట అదే కోసేసే ఏర్పాటు మన దగ్గర రెడీగా ఉంది. అతికించేస్తే మాటలన్నీ టకటకా వస్తాయి, నత్తి ఉన్నట్టే తెలీదు."

"భలే!" అన్నాడు మేనేజరు. "అదే పెట్టెయ్యి. వాళ్ళు కూడా సంతోషిస్తారు." అని లేచి వెళ్ళబోయాడు.

ఇలాంటప్పుడు ఆమె మెసేజ్ రాసి పంపేది. ఆ పూట వేళ్ళు కదల్లేదు. "సార్" అంది. మేనేజరు ఆగాడు.

"అది క... క... క..."

"కలర్ మార్చాలా? కుదరదా? కష్టమా?"

ఎన్నో దార్లున్నాయి. తీసేయొద్దు అనొచ్చు. అలా వద్దు అనొచ్చు. ఆమె వాటిలో దేనిలోకీ తిరగలేదు. ఆ అక్షరం ముందే నిలబడింది. చెవులు మండుతున్నాయి, గదిలో గోడ గడియారం తప్ప ఏదీ కదలడం లేదు. "నేను చెప్పబోయేది అది కాదు సార్. క... కత్తిరించొద్దు. ఆగిన చోటు కూడా వాళ్ళ మాటే. నాకు తెలుసు. నాకూ న... నత్తి ఉంది."

ప్రోగ్రామరు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. "అయితే... నా పుట్టినరోజుకి ఏటా చెయ్యూపి వెళ్ళిపోయేది అందుకేనా? నేనంటే పడదేమో అనుకున్నానే!"

"పు... పు... పుట్టినరోజు చాలా కష్టమైన మాట" అంది. ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతుంటే ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

మేనేజరు వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అతను అంత తగ్గి కూర్చోవడం ఎవరూ చూడలేదు. "ఇన్నేళ్ళలో నీ మాటలు నేనెన్ని పూర్తిచేసి ఉంటాను?"

"చాలా."

"కరెక్టుగానైనా చేశానా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను ఓ నిట్టూర్పు విడిచి, "సరే. ఎన్ని సెకన్లు పెట్టమంటావో చెప్పు" అన్నాడు.

"లె... లెక్క వద్దు సార్."

ఆ తర్వాత పని వేరేగా సాగింది. ఇప్పుడామె హాలుకు ఆఫీసు తరఫున వెళ్ళడం లేదు. మిగతావాళ్ళలాగే వెళ్తోంది, కుర్చీ లాక్కుని కూర్చుంటోంది, మాట ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతోంది. మొదటిసారి ఆమె అలా ఆగినప్పుడు మాస్టారు ఏమీ ఆశ్చర్యపోలేదు. కళ్ళజోడు తుడుచుకున్నారు, అంతే.

అనుభవం ఉన్నవాళ్ళను కొత్తవాళ్ళకు జతచేసే తెరకు ఆమె 'గురువు' అని పేరు పెట్టి తీసుకెళ్తే, కుట్టుపని ఆవిడ ఒప్పుకోలేదు. "గు... గురువు వద్దమ్మా. గురువంటే బెత్తం గుర్తొస్తుంది."

"నా బె... బెత్తం ఎప్పుడో పారేశానమ్మా" అన్నారు మాస్టారు నొచ్చుకున్నట్టు.

"మీరు పారేశారు మా... మాస్టారూ, మేం మర్చిపోలేదు. నాకు నేర్పేవాళ్ళు వద్దు. ఫోన్ మోగినప్పుడు ప... పక్కన ఉండేవాళ్ళు కావాలి."

సగంమాట 'గురువు'ను చెరిపేసి 'తోడు' అని రాసింది. ఒక బటన్ 'తోడు కావాలి'. ఒక బటన్ 'తోడుంటాను'. ఏది నొక్కినా వివరాలేవీ అడగదు. పేరు కూడా చివరన, అదీ ఇష్టమైతేనే. అన్ని యాప్‌లూ గుమ్మంలోనే పేరడుగుతాయి. తమవాళ్ళకు అన్నిటికన్నా కష్టమైనది అదే కాబట్టి, ఆమె దాన్ని ఇల్లంతా చూపించాక వచ్చే చిట్టచివరి గదిలో పెట్టింది.

సమావేశాల తెర కోసం ఒకరోజు బస్ స్టాపు నుంచి హాలు దాకా ఫోటోలు తీసుకుంటూ నడిచింది. మందుల దుకాణం, పెచ్చులూడిన గోడ, నీలం గేటు, మెట్లు. కొత్తగా వచ్చేవాళ్ళు ఎవరినీ దారి అడగాల్సిన అవసరం లేకుండా, మలుపు మలుపుకీ ఒక బొమ్మ. చివరి బొమ్మలో కుట్టుపని ఆవిడ తలుపు దగ్గర నవ్వుతూ నిలబడి ఉంది. కింద, 'ఈవిడ ఇక్కడే ఉంటారు. ఏమీ చెప్పక్కర్లేదు, లోపలికి రండి' అని రాసింది. వస్తారా అన్న ప్రశ్నకు 'వస్తాను', 'రాను'లతో పాటు 'వస్తానేమో' అని ఇంకొకటి పెట్టింది. అందరూ దాన్నే నొక్కారు. అలా నొక్కినవాళ్ళలో సగానికి పైగా వచ్చారు.

కండక్టరు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు, గ్రూపులో పలకడు. ఉలుకూ పలుకూ లేని ఆ మనిషి ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. అతను తిరిగే బస్సేదో మాస్టారిని అడిగి తెలుసుకుని, ఓ పొద్దున్న ఆ బస్సెక్కింది. అతను స్టాపులు పాడుకుంటూ సీటు సీటుకీ వస్తున్నాడు. ఆమెను చూసి పాట ఆపాడు.

"ఎ... ఎక్కడికి?"

ఆమె తర్వాతి స్టాపు పేరు చెప్పలేదు. తనకు దిగాల్సిన స్టాపు పేరే ఎత్తుకుంది. "క... క... క..."

అతనికి తెలుసు. ఆ దారిలో 'క'తో మొదలయ్యేది ఒకే ఒక్క స్టాపు. అయినా టికెట్ చించలేదు. పైనున్న కమ్మీ పట్టుకుని, బస్సు ఊగుతున్నంతసేపూ ఆమెతోపాటు ఊగుతూ, ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. వెనక సీట్లోంచి ఎవరో "ఏం కండక్టరూ, నిద్రపోయావా?" అని అరిచారు. అతను తల తిప్పలేదు. పేరు మొత్తం బయటికొచ్చాకే టికెట్ చించి ఆమె చేతిలో పెట్టాడు.

"కొత్త తెర తయారైంది" అంది ఆమె. "గంట మో... మోగదు. కాగితాలు రాలవు. తప్పు నాదే."

అతను మెడలో వేలాడే ఈలను చేత్తో తుడిచాడు. "అందులో పా... పాడొచ్చా?"

"పాడొచ్చు."

ఆ వారమే అతని పరిచయం వచ్చింది. బస్సు ఇంజను శబ్దం మీద తన దారిలోని స్టాపులన్నీ వరసగా పాడి, చివర్లో బస్సు ఆగాక, చాలాసేపు మౌనం. ఆ తర్వాత "ఇ... ఇది నేను" అన్నాడు. చాలామంది అతన్ని తోడుగా ఎంచుకున్నారు.

ఇక మిగిలింది ఆమె పరిచయం. అందరికీ తలుపులు గీసిన మనిషి తాను గుమ్మం బయటే నిలబడి ఉంది. ఒక ఆదివారం ఉదయం, హాలుకు వెళ్ళేముందు, గదిలో కూర్చుని వేలు ఆనించింది. తలుపు ఓరగా ఉంది. వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతోంది.

"నేను ఫోన్లకు తెరలు గీస్తాను. నాకు చిన్నప్పటి నుంచీ క... క... క..."

"కష్టమే పాపం!" తలుపు వెనక నుంచి అమ్మ గొంతు. వెంటనే "అయ్యయ్యో" అంటూ అమ్మ లోపలికి తొంగిచూసింది, నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

కూతురు వేలు తీయలేదు. తెర మీద నీలం విస్తరిస్తూనే ఉంది. "...కబుర్లంటే ఇష్టం" అని పూర్తిచేసింది. అప్పుడు వేలు తీసింది.

అమ్మ చెయ్యి మెల్లగా నోటి మీంచి జారింది. "నీకు కబుర్లంటే ఇష్టమా?"

"చాలా ఇష్టం అమ్మా."

అమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. ఏదో లెక్క తప్పిపోయినదానిలా నేలవైపు చూసింది. "నువ్వు ఆగినప్పుడల్లా నాకు ఊపిరాడేది కాదే. నీళ్ళలో మునిగిపోతున్నావేమో అనిపించేది. జుట్టు దొరికితే జుట్టు, చెయ్యి దొరికితే చెయ్యి పట్టుకుని లాగేదాన్ని."

"మునగట్లేదమ్మా. నా ఈత అంతే. కొ... కొంచెం నెమ్మది."

అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మరి అంతసేపూ నేనేం చెయ్యనే? చేతులు ఊరుకోవు, నోరు ఊరుకోదు."

"కూ... కూర్చో" అంది కూతురు.

అమ్మ మంచం అంచున కూర్చుంది. ఆ పూట ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది, ఒకటికి నాలుగుసార్లు. 'కష్టమే పాపం' ఉన్న ఆ పరిచయాన్ని సగంమాట చెరపలేదు, అలాగే పెట్టేసింది. అది విన్నవాళ్ళందరూ పడీపడీ నవ్వి, మీ అమ్మగారిని కూడా తీసుకురమ్మన్నారు. తర్వాత్తర్వాత అమ్మ హాలుకు రావడం మొదలుపెట్టింది. అక్కడ అందరికన్నా కష్టపడేది ఆవిడేనని మాస్టారు అనేవారు.

యాప్ పెద్ద పేరేమీ తెచ్చుకోలేదు. మేనేజరు తన గోడమీద పెట్టుకునే గొప్పల్లో అది చేరలేదు కూడా. కానీ పక్క ఊళ్ళ నుంచి, వాటి పక్క ఊళ్ళ నుంచి మనుషులు వచ్చి చేరారు. ఎవరో ఒకరు రోజూ 'తోడు కావాలి' అని నొక్కుతూనే ఉన్నారు. ఎవరో ఒకరు 'తోడుంటాను' అంటూనే ఉన్నారు. ఇంకో హాలు, ఇంకో మెట్ల బొమ్మ, ఇంకో తలుపు దగ్గర ఇంకెవరో నవ్వుతూ.

ఒక పొద్దున్న ఆమె ఆఫీసుకు నడుస్తుండగా ఫోన్ చిన్నగా వణికింది. ఎవరో ఆమెను తోడుగా ఎంచుకుని పరిచయం పంపారు. పేరు లేదు, ఫోటో లేదు. మూసి ఉన్న పూలకొట్టు అరుగు మీద కూర్చుని చెవికి ఆనించుకుంది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఊపిరి. దూరంగా కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు, సన్నగా మొదలై లావవుతూ. ఒక పిల్లి అరిచింది. ఎవరో మెట్లు దిగారు. కుర్చీ కిర్రుమంది. బిందె నిండి నీళ్ళు పొర్లాయి, కుళాయి ఎవరూ కట్టలేదు. ఊపిరి ఒకసారి గట్టిగా లోపలికి వెళ్ళి, అక్కడే నిలబడింది. సగంమాట కూడా ఊపిరి బిగబట్టింది. వీధిలో సైకిళ్ళు పోతున్నాయి, ఎండ ఆమె పాదాల దాకా వచ్చింది. అవతల ఏ మాటా పుట్టలేదు. నీళ్ళ శబ్దం సాగి సాగి, మెత్తగా ఆగిపోయింది. వేలు తీసేశారు.

ఆమె కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి నుంచి విన్నది. ఆ గది ఎలా ఉంటుందో, కుర్చీ ఎటువైపు తిరిగి ఉంటుందో, అందులో కూర్చున్నది ఏ వయసు మనిషో ఆమెకు తెలియదు. తెలియకపోయినా ఆ పక్కనే కూర్చున్నట్టుంది.

తర్వాత తెర మీద వేలు ఆనించింది.

"వి... విన్నాను" అంది. "మొత్తం విన్నాను. నేనిక్కడే ఉన్నాను."